ఆస్తమా ఉంటే పరుగెత్తకూడదా? ఇన్‌హేలర్‌పై అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఊపిరితిత్తుల డాక్టరుగా నా దగ్గరికి వచ్చే ఆస్తమా పేషెంట్లలో కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లున్నారు. అలిపిరి మెట్లెక్కి వస్తామని మొక్కుకున్న అమ్మలున్నారు. పీటీ పీరియడ్‌లో అందరూ ఆడుతుంటే చెట్టు కింద కూర్చునే పిల్లలున్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఆయాసం వస్తోంది కదా మేడమ్, ఇవన్నీ మానేయాల్సిందేనా?" చాలామంది మానక్కర్లేదు. మందు సరిగ్గా వాడాలి, అంతే. వాడనివ్వకుండా అడ్డుపడుతున్నవి ఈ అపోహలే.

అపోహ: ఆస్తమా ఉన్నవాళ్లకు ఆటలు, పరుగు పడవు.

వేగంగా పరుగెత్తేటప్పుడు నోటితో గాలి పీలుస్తాం. మామూలుగా ముక్కులో వెచ్చబడి, తడి పట్టి లోపలికి వెళ్లాల్సిన గాలి అప్పుడు పొడిగా, చల్లగా నేరుగా పోతుంది. శ్వాసనాళాల లోపలి పొర తడారిపోతుంది. అక్కడి కణాల నుంచి హిస్టమిన్, ల్యూకోట్రైన్ లాంటి రసాయనాలు విడుదలై, నాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. ధనుర్మాసం చలిలో తెల్లవారుజామున పరుగెత్తేవాళ్లకు ఇబ్బంది ఎక్కువగా ఉండేది అందుకే. భోగి మంటల్లో పాత టైర్లు కాల్చిన ఉదయం అయితే ఇంక చెప్పక్కర్లేదు, ఆ రోజు పరుగుకు వెళ్లకండి.

ఈ ఆయాసం చాలామందిలో పరుగు మధ్యలో కంటే ఆపేశాక 5 నుంచి 15 నిమిషాల్లో ఎక్కువవుతుంది. అరగంట, గంటలో దానంతటదే తగ్గుతుంది. పిల్లల్లో పిల్లికూతలు కూడా ఉండకపోవచ్చు, ఒట్టి దగ్గే. ఆడుకుని ఇంటికొచ్చి, చెప్పులు విప్పేలోపే దగ్గు మొదలవుతుంది. "చల్లనీళ్లు తాగుంటావు" అని పిల్లాణ్ని తిట్టే ముందు, ఆడిన ప్రతిసారీ ఇలాగే అవుతోందా అని గమనించండి.

ఆటలు మాన్పిస్తే ఒంటికి అలవాటు తప్పి, చిన్న పనికే గస పెట్టే స్థితి వస్తుంది. బ్రిటన్ పరుగుల రాణి పాలా రాడ్‌క్లిఫ్‌కు టీనేజీ నుంచీ ఆస్తమా ఉంది. 2003లో లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు పెట్టింది ఆమే. అసలు పరుగుకు ముందు 10, 15 నిమిషాల వార్మప్ చేస్తే చాలామందికి ఇబ్బంది తగ్గుతుంది. గ్రౌండ్‌లో దిగీదిగగానే స్పీడందుకునే కుర్రాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

అపోహ: ఇన్‌హేలర్ ఆఖరి స్టేజీలో ఇచ్చేది. ఒకసారి మొదలుపెడితే అలవాటైపోతుంది. మాత్రలే నయం.

బిగిసిన శ్వాసనాళాలను తెరిచే సాల్బుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములు, అంటే 4000 మైక్రోగ్రాములు. అదే మందు ఇన్‌హేలర్‌లో రెండు పఫ్‌లు కలిపి 200 మైక్రోగ్రాములే. మాత్ర ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరుతుంది, మధ్యలో గుండెదడ, చేతుల వణుకు తెస్తుంది. పఫ్ నేరుగా అవసరమైన చోటికే వెళ్తుంది. వ్యసనం అనే మాటకు ఇక్కడ చోటే లేదు.

అపోహ: పరుగుకు ముందు రెండు పఫ్‌లు కొడితే చాలు. రోజూ వాడే మందు దండగ.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇది. సాల్బుటమాల్‌ను వ్యాయామానికి 10, 15 నిమిషాల ముందు తీసుకుంటే నాళాలు తెరుచుకుంటాయి, మూడు నాలుగు గంటలు నిశ్చింతగా ఉంటుంది. నిజమే. కానీ ఆ మందు బిగిసిన కండరాలను వదులు చేస్తుందే తప్ప లోపలి వాపును ముట్టుకోదు. చెమ్మ పట్టిన గోడకు పైన సున్నం కొట్టినట్టు ఉంటుంది వ్యవహారం. పైగా రోజూ అదొక్కటే వాడుతూ పోతే వ్యాయామంలో అది ఇచ్చే రక్షణ తగ్గిపోతుంది. ప్రాక్టీసు మొదట్లో రెండు పఫ్‌లతో సరిపోయిన అబ్బాయి, సెలక్షన్లు దగ్గరపడేసరికి నాలుగు కొట్టినా తెరిపి లేదంటాడు.

వాపును తగ్గించేది పీల్చే స్టెరాయిడ్. కొన్ని వారాలు క్రమం తప్పకుండా వాడితే వ్యాయామంతో వచ్చే ఆయాసమే తగ్గిపోతుంది. ప్రపంచవ్యాప్తంగా డాక్టర్లు అనుసరించే 'జినా' మార్గదర్శకాలు 2019 నుంచి, పెద్దవాళ్లకూ టీనేజీ పిల్లలకూ సాల్బుటమాల్ ఒక్కదాన్నే ఇవ్వొద్దని చెప్తున్నాయి. బుడెసొనైడ్ (పీల్చే స్టెరాయిడ్), ఫార్మోటెరాల్ (నాళాలను తెరిచే మందు) కలిసిన ఇన్‌హేలర్‌ను అవసరమైనప్పుడు, వ్యాయామానికి ముందు కూడా వాడొచ్చు. ఫార్మోటెరాల్ నిమిషాల్లోనే పనిచేస్తుంది, దాంతోపాటే వాపుకు మందు కూడా పడుతుంది. మీకు ఏది సరిపోతుందో మీ డాక్టరుతో తేల్చుకోండి. ఆయాసం తగ్గించుకోవడానికి వారంలో రెండుసార్లకు మించి పఫ్ కొట్టాల్సి వస్తోందంటే ఆలస్యం చేయకుండా చూపించుకోండి.

స్టెరాయిడ్ అనగానే టెన్షన్ పడతారు. కండల కోసం జిమ్‌లలో వాడే స్టెరాయిడ్ వేరు, ఇది వేరు. ఇది మైక్రోగ్రాముల్లో ఉంటుంది. పీల్చాక నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తే నోట్లో తెల్ల పూత రాకుండా ఉంటుంది.

అపోహ: ఎలా పీల్చినా లోపలికి పోతుంది.

పేషెంట్లను నా ఎదుటే పీల్చి చూపించమంటాను. నొక్కగానే పెదాల పక్క నుంచి తెల్లగా పొగలా బయటికి వచ్చేస్తే మందు గాలిపాలైనట్టే. ముందు బాగా కుదపాలి. ఊపిరి పూర్తిగా వదలాలి. పెదాలు బిగించి, పీల్చడం మొదలుపెడుతూ ఒక్కసారి నొక్కి, నెమ్మదిగా లోతుగా పీల్చాలి. పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. రెండో పఫ్‌కు అర నిమిషం ఆగాలి. స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం లాంటి డబ్బా) ఉంటే పెద్దవాళ్లకైనా మేలే. పొడి మందు క్యాప్సూల్ వేసుకునే పరికరమైతే పద్ధతి తిరగబడుతుంది, గట్టిగా, వేగంగా లాగాలి. ఆ క్యాప్సూల్‌ను నీళ్లతో మింగే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఇంట్లో ఒకసారి కనుక్కోండి.

అపోహ: మెట్లెక్కితే వచ్చే ఆయాసమంతా ఆస్తమాయే.

కాదు. నలభై దాటాక కొత్తగా ఆయాసం, ఛాతీలో బరువు ఉంటే ముందు ఈసీజీ. ఆడవాళ్లలో రక్తహీనత చాలాసార్లు కారణమవుతుంది. పఫ్ ఎన్నిసార్లు కొట్టినా తేడా లేకపోతే రోగమే వేరై ఉండొచ్చు, ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష చేయించుకోండి.

అపోహ: జేబులో ఇన్‌హేలర్ ఉంటే ఎవరైనా కొండెక్కొచ్చు.

అలిపిరి దారిలో 3,550 మెట్లు. గాలిగోపురం దాకా నిలువెక్కుడు, ఆ తర్వాత కొంత చదును, మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ పరీక్ష. ఆస్తమా, గుండె జబ్బులున్నవాళ్లు నడిచి రావొద్దని టీటీడీ చెప్తోంది. జబ్బు అదుపులో లేనివాళ్లు, ఈమధ్య ఆయాసంతో ఆస్పత్రికి వెళ్లినవాళ్లు ఆ మాట వినాల్సిందే. స్వామికి బస్సులో వెళ్లి దణ్ణం పెట్టుకున్నా చాలు. అదుపులో ఉండి, డాక్టరు సరేనన్నవాళ్లు నిదానంగా, ఆగి ఆగి ఎక్కండి. కింద లగేజీ కౌంటర్‌లో బ్యాగు ఇచ్చేటప్పుడు అందులోని ఇన్‌హేలర్ తీసి జేబులో పెట్టుకోవడం మరవకండి. బ్యాగు బండిలో పైకి వెళ్లిపోతుంది, మీరు సగం దారిలో ఉంటారు.

మధ్యలో ఆయాసం వస్తే పడుకోబెట్టకండి, కాస్త ముందుకు వంచి కూర్చోబెట్టండి. సాల్బుటమాల్ ఒక్కో పఫ్ చొప్పున నాలుగు ఇవ్వండి. నాలుగైదు నిమిషాల్లో తేడా లేకపోతే 108కి ఫోన్ చేసి, మళ్లీ నాలుగు ఇవ్వండి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పెదాలు నీలంగా మారినా ఆ ఎదురుచూపు కూడా వద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.