ఒకే ప్రశ్నపత్రం: అక్కడ 94, ఇక్కడ 48

పదో తరగతి ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు నన్ను అడుగుతారు. ఈసారి ఒక పాఠకురాలు సూటిగా అడిగారు: "సిలబస్ ఒకటే, పేపరు ఒకటే, దిద్దే పద్ధతీ ఒకటే. మరి ఒక జిల్లాలో నూటికి 94 మంది పాసై, ఇంకో జిల్లాలో సగం మంది కూడా ఎందుకు పాస్ కాలేదు?"

ఆవిడ చెప్పినవి ఆంధ్రప్రదేశ్ 2025 ఫలితాల్లోని అంకెలు. రాష్ట్రం మొత్తం మీద ఉత్తీర్ణత 81.14 శాతం. మొదటి స్థానం పార్వతీపురం మన్యం జిల్లాది, 93.90. చివరి స్థానం అల్లూరి సీతారామరాజు జిల్లాది, 47.64. ఈ రెండు జిల్లాలూ 2022 ఏప్రిల్ 4న ఒకే రోజు పుట్టాయి. రెండింటిలోనూ ఏజెన్సీ ఉంది, ఐటీడీఏలు (గిరిజనాభివృద్ధి సంస్థలు) ఉన్నాయి, ఆశ్రమ పాఠశాలలున్నాయి. "గిరిజన ప్రాంతం కదా, వెనకబడే ఉంటుంది" అనే రెడీమేడ్ జవాబు ఇక్కడ చెల్లదు. మన్యం 2023లో మొదటి స్థానం, 2024లో మొదటి స్థానం, 2025లోనూ మొదటి స్థానం.

తెలంగాణలో చూడండి. 2023, 2024, 2025 మూడేళ్లూ వరసగా ఆఖరున ఉన్నది వికారాబాద్. అది హైదరాబాద్‌కు దగ్గరే. కాబట్టి "నగరానికి దూరం" అనే జవాబూ చాలదు.

ఇంకో రకం జవాబు కూడా వింటుంటాను. 2023లో, 2024లో తెలంగాణలో నిర్మల్ జిల్లా మొదటి స్థానంలో నిలిచింది. బాసర సరస్వతి కొలువున్నది ఆ జిల్లాలోనే కాబట్టి ఆ తల్లి చలవేనని నాతో గట్టిగా అన్నవాళ్లున్నారు. అమ్మవారి దగ్గర పెన్ను పెట్టి దండం పెట్టుకుంటే పిల్లలకు టెన్షన్ తగ్గుతుంది, అది మంచిదే. కానీ 2022లో మొదటి స్థానం సిద్దిపేటది, 2025లో మహబూబాబాద్‌ది. అమ్మవారు ఆ ఏళ్లలోనూ బాసరలోనే ఉన్నారు. "గోదావరి నీళ్లలోనే చదువుంది" లాంటి మాటలకూ ఇదే సమాధానం. నీళ్లు ఏడాదికోసారి జిల్లా మారవు.

అసలు జవాబు సగం బళ్లలో ఉంది, సగం శాతం అనే కొలబద్దలో ఉంది. మొదట కొలబద్ద సంగతి చూద్దాం, ఎందుకంటే దాని గురించి ఎవరూ మాట్లాడరు.

మైదానంలో ఒక జిల్లా పిల్లలందరినీ నిలబెట్టి, వాళ్ల ముందు అడ్డంగా ఒక తాడు కట్టామనుకోండి. తాడు పైన తల కనిపిస్తే పాస్, కనిపించకపోతే ఫెయిల్. ఇక్కడ పిల్లల ఎత్తు అంటే మార్కులు, తాడు అంటే 35. గుంపులో ఎక్కువమంది మధ్యస్థపు ఎత్తులో ఉంటారు. బాగా పొడుగువాళ్లు, బాగా పొట్టివాళ్లు కొద్దిమందే. తాడు సరిగ్గా ఆ మధ్యస్థపు ఎత్తులో ఉంటే దాన్ని అంగుళం దించినా చాలు, బోలెడు తలలు ఒక్కసారిగా పైకొస్తాయి. అదే తాడు గుంపులోని అందరికంటే పొట్టివాడి ఎత్తుకు దగ్గరలో ఉంటే జానెడు దించినా కొత్తగా కనిపించే తలలు ఒకటో రెండో. రెండుసార్లూ పిల్లలు వాళ్లే, వాళ్ల ఎత్తులూ అవే. మనం లెక్కపెట్టింది మాత్రం తలల్ని.

దీన్ని అంకెల్లోకి దించుదాం. పదో తరగతి పాస్ కావాలంటే అన్ని సబ్జెక్టుల్లోనూ గట్టెక్కాలి. అంటే ప్రతి విద్యార్థికీ అన్నిటికంటే తక్కువ మార్కులొచ్చిన సబ్జెక్టు ఏదో, అందులోని మార్కే ఆ విద్యార్థి "ఎత్తు". (హిందీకి 20 చాలన్న వివరాన్ని పక్కన పెడుతున్నాను.) ఈ కనిష్ఠ మార్కులు గంట ఆకారపు వక్రరేఖలో పరుచుకున్నాయనీ, వాటి ప్రామాణిక విచలనం (సగటు నుంచి మార్కులు మామూలుగా ఎంత దూరం చెదిరి ఉంటాయో చెప్పే కొలత) 12 మార్కులనీ అనుకుందాం. ఈ 12 నేను లెక్క కోసం తీసుకున్న అంకె. 10 తీసుకున్నా 15 తీసుకున్నా వాదన మారదు.

ఇప్పుడు జిల్లాలోని పిల్లలందరికీ కనిష్ఠ మార్కు ఒక్కటి పెరిగితే ఉత్తీర్ణత ఎంత పెరుగుతుంది? 50 శాతం దగ్గరున్న జిల్లాలో 3.3 శాతం పెరుగుతుంది. 81 దగ్గర 2.25. 94 దగ్గర 1. 99 దగ్గర 0.22 మాత్రమే. అదే ఒక్క మార్కు, అదే కష్టం, ఫలితంలో పదిహేను రెట్ల తేడా!

ఈ లెక్కన అల్లూరి జిల్లాలో సగటు కనిష్ఠ మార్కు దాదాపు 34, మన్యంలో 53 లేదా 54. అల్లూరి జిల్లాలో ప్రతి విద్యార్థికీ బలహీనంగా ఉన్న సబ్జెక్టులో 5 మార్కులు పెరిగితే ఉత్తీర్ణత 48 నుంచి 64కు చేరుతుంది. 10 మార్కులు పెరిగితే 78కి. మన్యంలోనూ అదే 10 మార్కులు పెరిగాయనుకోండి, 94 కాస్తా 99 అవుతుంది, అంతే. అందుకే అట్టడుగున ఉన్న జిల్లా ఒకే ఏడాదిలో ఇరవై శాతం ఎగబాకితే అద్భుతం జరిగినట్టు కాదు, ఇరవై శాతం పడిపోతే అక్కడ టీచర్లంతా నిద్రపోయినట్టూ కాదు.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ వికారాబాద్. 2023లో తెలంగాణ సగటు 86.60, వికారాబాద్ 59.46. అంతరం 27 శాతం. 2025లో తెలంగాణ 92.78, వికారాబాద్ 73.97. అంతరం 19 శాతం. చదివిన ఎవరైనా అంతరం బాగా తగ్గిందనే అంటారు. కానీ ఈ శాతాలను వక్రరేఖ మీది దూరాలుగా మార్చి చూడండి. 2023లో వికారాబాద్ రాష్ట్రం కంటే 0.87 ప్రామాణిక విచలనాలు వెనకబడి ఉంది. 2025లో 0.82. మార్కుల్లో చెప్పాలంటే పదిన్నర దగ్గర ఉన్నది పదికి దగ్గరైంది. వికారాబాద్ పిల్లల మార్కులు పెరిగాయి, నిజమే, దాదాపు 5 మార్కుల మేర. మిగతా రాష్ట్రానికీ 4 మార్కుల పైనే పెరిగాయి. కాకపోతే మిగతా రాష్ట్రం తలలు అప్పటికే తాడు దాటి ఉన్నాయి కాబట్టి వాళ్ల పెరుగుదల శాతంలో అంతగా కనిపించలేదు.

ఇదే కారణంగా కేరళలో జిల్లాల తేడాలను ఉత్తీర్ణత శాతంతో పట్టుకోలేం. 2024లో అక్కడ మొత్తం ఉత్తీర్ణత 99.69. ఇక జిల్లాల మధ్య మిగిలేవి దశాంశాలే. మన దగ్గర 2020, 2021లో కోవిడ్ వల్ల పరీక్షలు జరపలేక అందరినీ పాస్ చేశారు. ఆ రెండేళ్లూ ప్రతి జిల్లాదీ నూటికి నూరు. తాడు నేల మీద పడుకుంది, అంతే. పిల్లల మధ్య తేడాలు ఆ రెండేళ్లలో పెరిగి ఉంటాయే తప్ప తగ్గి ఉండవు. ఎందుకంటే ఇంట్లో స్మార్ట్‌ఫోన్, ఊళ్లో సిగ్నల్ ఉన్నవాళ్లకే పాఠాలు సరిగ్గా అందాయి.

తాడు ఎత్తు కూడా ఏటా ఒకేలా ఉండదు. ఆంధ్రప్రదేశ్ ఉత్తీర్ణత 2023లో 72.26, 2024లో 86.69. ఒక్క ఏడాదిలో ఆరు లక్షల మంది పిల్లల చదువు అంతగా మారిపోయిందంటే నేను నమ్మను. మన కొలబద్ద మీద అది 6 మార్కుల జరుగుడు. పేపరు కాస్త సులువుగా ఉన్నా, మార్కులు కాస్త ధారాళంగా వేసినా సరిపోతుంది.

మరి జిల్లాల తేడా అంతా గణితపు మాయేనా? కాదు. అదృష్టం వల్ల కూడా కాదు. 25 మంది పరీక్ష రాసిన బడిలో ఉత్తీర్ణత అదృష్టం కొద్దీ 8 శాతం అటో ఇటో ఊగగలదు. చిన్న బళ్లు నూరు శాతం జాబితాలోనూ, సున్నా జాబితాలోనూ ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. పదివేల మంది రాసే జిల్లాలో ఆ ఊగిసలాట దాదాపు 0.4 శాతమే. మన్యానికీ అల్లూరికీ మధ్య ఉన్న 46 శాతం నిజమైన తేడా. మార్కుల్లో 19.

ఇంత తేడా ఎక్కడ పుడుతుంది? ఆరు సబ్జెక్టులున్నాయి కాబట్టి నిజానికి తాళ్లు ఆరు, ఆరూ దాటాలి. ఒక్కో సబ్జెక్టులో 95 శాతం పాసయ్యే జిల్లాను తీసుకోండి. ఒక సబ్జెక్టు తప్పడానికీ ఇంకో సబ్జెక్టు తప్పడానికీ సంబంధమే లేదనుకుంటే మొత్తం ఉత్తీర్ణత 0.95ను ఆరుసార్లు గుణించినంత, అంటే 73.5 శాతం. ఒక లెక్కల సబ్జెక్టులోనే ఉత్తీర్ణత 70కి పడిపోతే మొత్తం 54కు దిగుతుంది. అసలు బళ్లలో లెక్కలు తప్పినవాళ్లే సైన్సూ తప్పుతారు కాబట్టి పతనం ఇంత తీవ్రంగా ఉండదు. కానీ దిశ ఇదే. ఐదుగురు టీచర్లు ప్రాణం పెట్టి చెప్పినా లెక్కల పోస్టు ఖాళీగా ఉంటే ఆ బడి ఫలితం లెక్కల పేపరు ఫలితమే. ఖాళీలు మారుమూల బళ్లలోనే ఎక్కువ ఉంటాయని వేరే చెప్పాలా?

మారుమూల అంటే ఎంత? 2011 లెక్కల ప్రకారం రెండు జిల్లాల జనాభా దాదాపు సమానం, తొమ్మిది లక్షల పైచిలుకు. విస్తీర్ణం మాత్రం మన్యానిది 3,659 చదరపు కిలోమీటర్లయితే, ఆ ఫలితాల నాటికి అల్లూరిది 12 వేల పైచిలుకు. మన్యంలో పార్వతీపురం, సాలూరు, పాలకొండ లాంటి మైదానపు పట్టణాలున్నాయి. అల్లూరి జిల్లా కేంద్రమైన పాడేరు కొండల్లో అవి లేవు. 2022లో రెండూ కలిసి అల్లూరి జిల్లా కాకముందు పాడేరు ప్రాంతం విశాఖ జిల్లాలో, రంపచోడవరం ప్రాంతం తూర్పు గోదావరిలో ఉండేవి. ఇక్కడి పిల్లల ఫలితం నగరాల, కోనసీమ లంకల ఫలితంలో కరిగిపోయి ఎవరికీ కనిపించేది కాదు. జిల్లాల విభజన వల్ల అది బయటపడింది. నా దృష్టిలో ఇది చాలా మంచి పరిణామం.

భాష సంగతి కూడా ఉంది. 2025లో పరీక్ష రాసినవాళ్లలో అత్యధికులు ఇంగ్లీష్ మీడియం పిల్లలు. ఇంట్లో గిరిజన భాష అయిన కువి మాట్లాడే పిల్లకు తెలుగే రెండో భాష. ఆ పిల్ల భౌతికశాస్త్రం ప్రశ్నను మూడో భాషలో చదువుకోవాలి. వందేళ్లకు ముందే గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే వాచకాలు రాసి, బడులు పెట్టించారు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. ఈ పని గురించి తెలుగు టీచర్లలోనే చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మళ్లీ తాడు దగ్గరికి రావాలి, ఎందుకంటే దాని వల్ల ఒక నష్టం ఉంది. జిల్లాకు ర్యాంకు ఇచ్చేది ఉత్తీర్ణత శాతంతో. ఆ ఒత్తిడి డీఈఓ (జిల్లా విద్యాధికారి) నుంచి హెచ్‌ఎంకు, హెచ్‌ఎం నుంచి టీచరుకు దిగుతుంది. జనవరి నుంచి స్లిప్ టెస్టులు, ఉదయం సాయంత్రం స్టడీ అవర్స్. అప్పుడు ఏ టీచరైనా 28 నుంచి 34 మధ్య ఉన్నవాళ్ల మీదే దృష్టి పెడతారు. వాళ్లను దాటిస్తే శాతం పెరుగుతుంది. 12 మార్కుల దగ్గరున్న పిల్లవాడికి 24 వచ్చేలా చేసినా, ఆ పని ఎంత గొప్పదైనా, శాతంలో దానికి విలువ సున్నా. షికాగో ప్రభుత్వ పాఠశాలల మీద 2010లో అచ్చయిన ఒక పరిశోధనలో ఇదే తేలింది. ఉత్తీర్ణులను లెక్కించే విధానం కఠినమయ్యాక మధ్యలో ఉన్న పిల్లల మార్కులు పెరిగాయి, అట్టడుగున ఉన్నవాళ్లకు పెద్దగా ఒరిగిందేమీ లేదు.

జిల్లాల ర్యాంకులు ఆపేయాలని నేను అనను. దాంతోపాటు ప్రతి మండలానికీ, ప్రతి సబ్జెక్టుకూ మూడు అంకెలు వేయాలి: సగటు మార్కు, కింది నుంచి నూటికి పదో స్థానంలో ఉన్న పిల్లల మార్కు, తొంభయ్యో స్థానంలో ఉన్నవాళ్ల మార్కు. మార్కులన్నీ ఎలాగూ కంప్యూటర్లలోనే ఉన్నాయి, కొత్తగా సేకరించాల్సింది ఏమీ లేదు. అప్పుడు అల్లూరి జిల్లాలో తప్పిన సగం మంది ఒక్క లెక్కల్లో 30 దగ్గర ఆగారో, ఆరింటిలోనూ 15 దగ్గర ఉన్నారో తెలుస్తుంది. మొదటిదైతే లెక్కల టీచర్లను పంపి ఒకటి రెండేళ్లలో సరిచేయొచ్చు. రెండోదైతే పదో తరగతిలో ఎన్ని స్టడీ అవర్స్ పెట్టినా సరిపోదు, మూడో తరగతి నుంచి మొదలుపెట్టాలి. 47.64 అనే అంకె ఒక్కటే చూస్తే ఈ రెండింటిలో ఏది నిజమో చెప్పడం కుదరదు.