ఖజానా కదిలితే సామ్రాజ్యం పుట్టిందా? గ్రీకు లీగుల మీద అపోహలు, వాస్తవాలు

ప్రాచీన ప్రపంచ చరిత్ర పేపర్లు దిద్దడానికి కూర్చున్నప్పుడల్లా ఒకే వాక్యం ఎదురవుతుంది. "క్రీ.పూ. 454లో పెరిక్లీస్ డీలియన్ లీగ్ ఖజానాను డెలోస్ నుంచి ఏథెన్స్‌కు తరలించాడు. దానితో లీగ్ సామ్రాజ్యంగా మారింది." (డీలియన్ లీగ్ అంటే పర్షియాను ఎదుర్కోవడానికి ఏథెన్స్ నాయకత్వంలో గ్రీకు నగరాలు, దీవులు పెట్టుకున్న కూటమి. పెరిక్లీస్ ఏథెన్స్ నాయకుడు.) ఈ వాక్యం కట్టలో మొదటి పేపర్లో ఉంటుంది, చివరి పేపర్లోనూ ఉంటుంది. గైడ్లలో ఉంది, యూట్యూబ్ షార్ట్స్‌లో ఉంది, పీడీఎఫ్ రూపంలో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. ఒకరు రాసింది ఇంకొకరు ఎత్తి రాస్తున్నారు తప్ప, ఆ 454కి ముందు ఏం జరిగిందో చూసినవాళ్లు తక్కువ.

మార్కులు పోయేది ఇక్కడే. మిగతా పొరపాట్లకు అర మార్కో ఒక మార్కో పోతుంది. ఈ వాక్యం రాసిన పేపర్లో మాత్రం జవాబు మొత్తం దాని చుట్టూనే తిరిగి, అసలు ప్రశ్నను తాకకుండానే అయిపోతుంది. "డీలియన్ లీగ్ ఏథెన్స్ సామ్రాజ్యంగా ఎలా పరిణమించింది?" అని అడిగితే "ఎలా" అన్నదానికి జవాబు కావాలి. ఫలానా సంవత్సరంలో డబ్బు పెట్టె ఫలానా చోటికి పోయింది అంటే అది జవాబు కాదు.

అపోహ: ఖజానా తరలింపుతోనే లీగ్ సామ్రాజ్యమైంది.

ఈ కథ మనకు ఇట్టే ఎక్కడానికి కారణం ఉంది. చీటీ డబ్బులు పట్టుకుని ఉడాయించినవాడు ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. పెరిక్లీస్‌ను కూడా ఆ ఖాతాలో వేసేస్తాం, పని అయిపోతుంది. కానీ జరిగిన వరుస చూడండి.

పర్షియా దండయాత్ర తిప్పికొట్టాక, క్రీ.పూ. 478-477లో ఈ కూటమి ఏర్పడింది. గ్రీకు నౌకాదళానికి అప్పటిదాకా నాయకత్వం స్పార్టాది. వాళ్ల సేనాని పౌసానియస్ అహంకారం భరించలేక ఆసియా మైనర్ (నేటి టర్కీ) తీరంలోని అయోనియా నగరాలూ దీవులూ "మీరు ముందుండండి" అని ఏథెన్స్‌ను అడిగాయి. అంటే ఏథెన్స్ మీదపడి లాక్కున్న పదవి కాదది. ఎవరు ఓడలివ్వాలి, ఎవరు డబ్బివ్వాలి అన్నది ఏథెన్స్ నాయకుడు అరిస్టైడిస్ లెక్కగట్టాడు. మొదటి అంచనా ఏడాదికి 460 టాలెంట్ల వెండి అని ఆ కాలపు చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు. ఇనుప ముద్దలు సముద్రంలో పడేసి, అవి పైకి తేలేదాకా ఈ ఒప్పందం నిలుస్తుందని ప్రమాణం చేశారు. డబ్బు డెలోస్ దీవిలో అపోలో గుడి దగ్గర ఉండేది. నిజమే. కానీ దాన్ని వసూలు చేసి లెక్క చూసే కోశాధికారులు మొదటి రోజు నుంచీ ఏథెన్స్ వాళ్లే. పెట్టె డెలోస్‌లో ఉన్నా తాళంచెవి ఎవరి చేతిలో ఉందో చూడాలి కదా.

క్రీ.పూ. 470 ప్రాంతంలో నాక్సోస్ దీవి లీగ్ నుంచి తప్పుకుంటానంది. ఏథెన్స్ నౌకాదళం ముట్టడించి మళ్లీ లొంగదీసుకుంది. అంతకుముందే కారిస్టస్‌ను బలవంతంగా లీగులో చేర్పించారు. ఆ తర్వాత 465లో థాసోస్ ఎదురుతిరిగింది. అక్కడి గొడవకు పర్షియాతో ఏ సంబంధమూ లేదు. ఎదుటి ఒడ్డున థాసోస్ వాళ్లకున్న గనుల మీద, వర్తక కేంద్రాల మీద ఏథెన్స్ కన్నేసింది. మూడో ఏట థాసోస్ లొంగిపోయింది. గోడలు కూల్చుకుంది, ఓడలు అప్పగించింది, గనులు వదులుకుంది. సాయానికి వస్తామని స్పార్టా లోపాయికారీగా మాటిచ్చింది గానీ, ఈలోపు భూకంపం వచ్చి, ఆ అదనులో హెలట్లు (స్పార్టా కింద వెట్టి చేసే రైతులు) తిరగబడేసరికి వాళ్ల గోల వాళ్లకే సరిపోయింది.

ఇదంతా 454కి ముందే జరిగింది. డబ్బు ఇంకా డెలోస్‌లోనే ఉంది. గోడలు కూల్చి, ఓడలు లాక్కుని, గనులు కలిపేసుకున్నాక కూడా అది "ఇంకా సామ్రాజ్యం కాలేదు" అనగలమా?

వాస్తవం: మిత్రులు ఓడల బదులు డబ్బు కట్టడం మొదలుపెట్టాకే పరిస్థితి మారింది.

మొదట్లో చాలా నగరాలు సొంత ఓడలు, సొంత మనుషులతో వచ్చేవి. ఏటా వేసవి రాగానే పొలం, వ్యాపారం వదిలి యుద్ధానికి పోవాలంటే ఎవరికైనా కష్టమే. మెల్లగా ఒక్కో నగరం "ఓడలు మావల్ల కాదు, బదులుగా డబ్బు కడతాం" అంది. ఏథెన్స్ సరేనంది. ఎందుకు అనదు? ఆ డబ్బుతో తన ఓడలు కట్టుకుంది, తన జనానికి జీతాలిచ్చి తెడ్లు వేయించింది. కొన్నేళ్లు గడిచేసరికి మిత్రుల దగ్గర నౌకాదళమూ లేదు, యుద్ధానుభవమూ లేదు. తప్పుకోవాలని చూసిన రోజున తాము కట్టిన డబ్బుతో నడిచే ఓడలే తమ రేవు ముందు నిలబడ్డాయి. ఈ మాట ఏథెన్స్ వాడే అయిన థుసిడిడీస్ రాశాడు, తప్పు మిత్రులదే అని కూడా అన్నాడు. ఆ తీర్పు కొంచెం కఠినమనే నా అభిప్రాయం. చిన్న దీవికి ఏటా ఓడలు నడపడం ఎంత భారమో లెక్కేస్తే వాళ్లను తప్పుపట్టబుద్ధి కాదు.

ఆ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే క్లాసులో వెనక బెంచీ కూడా తల ఎత్తుతుంది. ఒక ట్రైరీమ్‌కు, అంటే మూడు వరుసల తెడ్లతో నడిచే యుద్ధ ఓడకు, సుమారు 200 మంది. అందులో 170 మంది తెడ్లు వేసేవాళ్లే. మనిషికి రోజుకు ఒక డ్రాక్మా చొప్పున 30 రోజులకు 6,000 డ్రాక్మాలు. 6,000 డ్రాక్మాలంటే ఒక టాలెంట్, అంటే సుమారు 26 కిలోల వెండి. కాబట్టి ఒక టాలెంట్ కప్పం కట్టిన నగరం ఏథెన్స్‌కు ఒక ఓడను ఒక నెలపాటు నడిపి పెట్టినట్టు. అన్నిసార్లూ జీతం ఇంత ఉండేది కాదు, సగమే ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు అదే టాలెంట్‌తో రెండు నెలలు నడుస్తుంది. స్పార్టాతో పెలొపొనేసియన్ యుద్ధం మొదలయ్యే 431 నాటికి ఏడాదికి 600 టాలెంట్లు వస్తున్నాయని పెరిక్లీస్ సభలో చెప్పినట్టు థుసిడిడీస్ రాశాడు.

ఓడలు వదులుకోని మిత్రుల సంగతి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. సామోస్, ఖియోస్, లెస్బోస్ సొంత నౌకాదళాలు ఉంచుకున్నాయి. 440లో సామోస్ తిరగబడితే లొంగదీయడానికి ఏథెన్స్‌కు ముట్టడి చేస్తూ నెలల తరబడి పట్టింది, స్వయంగా పెరిక్లీస్ వెళ్లాల్సి వచ్చింది. 428లో లెస్బోస్‌లోని మిటిలీన్ తిరగబడితే ఏథెన్స్ ఎంత బెంబేలెత్తిందంటే, ఓడిపోయిన నగరంలో మగవాళ్లందరినీ చంపాలని సభ తీర్మానించింది. మర్నాటికి మనసు మార్చుకుని, ముందు పంపిన ఓడ వెనకాలే ఇంకో ఓడను పరుగులు పెట్టించింది.

మరి 454 ఉత్త ముచ్చటేనా? కాదు. చరిత్రకారులకు ఆ తేదీ చాలా ముఖ్యం, కానీ కారణం వేరు. ఏథెన్స్ పంపిన దళం ఈజిప్టులో ఘోరంగా దెబ్బతిన్నాక, పర్షియా నౌకాదళం ఏజియన్‌లోకి వస్తుందన్న భయంతో ఖజానా మార్చారని సాధారణంగా చెబుతారు. ఆ ప్రతిపాదన తెచ్చింది సామోస్ వాళ్లని, చాలా తర్వాతి కాలపు రచయిత ప్లూటార్క్ ఒకచోట రాశాడు. ఆ ఏడాది నుంచి ప్రతి నగరం కప్పంలో 60వ వంతు ఎథీనా దేవికి కానుకగా పోయేది. ఆ కానుక లెక్కలు పాలరాతి మీద చెక్కించారు. పక్కన 100 డ్రాక్మాలని ఉంటే, 60తో హెచ్చిస్తే 6,000, అంటే ఆ నగరం కట్టింది ఒక టాలెంట్. ఏజినా దీవి పక్కన 3,000 ఉంటుంది. అంటే 30 టాలెంట్లు. మొదటి పదిహేనేళ్ల లెక్కలున్న, మూడున్నర మీటర్లకు పైగా ఎత్తుండే ఆ రాతి ముక్కల్ని కలిపి ఏథెన్స్ శాసనాల మ్యూజియంలో నిలబెట్టారు. 454 నుంచి మనకు లెక్కలు దొరుకుతున్నాయి. లెక్కలు దొరకడం మొదలైన ఏడాదినే సామ్రాజ్యం మొదలైన ఏడాదిగా రాసేస్తున్నాం.

పరీక్ష దగ్గరపడ్డాక రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసే పిల్లలుంటారు. పెళ్లయ్యాక మళ్లీ చదువు మొదలుపెట్టిన ఒకమ్మాయి, ఇంట్లో అందరూ పడుకున్నాక పుస్తకం తీసేది. "సార్, పేర్లు నోరు తిరగట్లేదు, డేట్లు ఒక్కటీ నిలవట్లేదు, టెన్షన్‌గా ఉంది" అంది. డేట్లు పక్కన పెట్టమ్మా అన్నాను. ముందు నాక్సోస్, తర్వాత థాసోస్, ఆ తర్వాత ఖజానా, ఆ తర్వాత 447లో ఏథెన్స్‌లో ఎథీనా గుడి పార్థెనాన్ పని. ఈ వరుస తప్పకుండా రాస్తే చాలు. థాసోస్‌ను తాసోస్ అని రాసినందుకు మార్కులు తీసేసే మాస్టారు ఎవరూ ఉండరు. ఆమె కాసేపు ఆగి, "మరి వాళ్లు డబ్బు కడుతున్నప్పుడు రేపు ఇలా అవుతుందని తెలియదా సార్?" అని అడిగింది. పుస్తకాలన్నీ బట్టీపట్టినవాళ్లు అడగని ప్రశ్న అది. ఆ ప్రశ్న పట్టుకుని రాసినవాళ్ల జవాబు ఎక్కడా తేలిపోదు.

ఇక మిగతావి గబగబా.

"మిత్రులందరూ ఏథెన్స్‌ను అసహ్యించుకున్నారు." అందరూ కాదు. చాలా నగరాల్లో ధనికులకు పడేది కాదు, సామాన్యులు ఏథెన్స్ వైపు మొగ్గేవాళ్లు. మిటిలీన్‌లో కూడా సామాన్యుల చేతికి ఆయుధాలు రాగానే నగరం లొంగిపోయింది.

"స్పార్టా కప్పం తీసుకోలేదు కాబట్టి వాళ్ల లీగ్ మంచిది." కప్పం తీసుకోలేదు, నిజం. మిత్ర నగరాల్లో తనకు అనుకూలమైన కొద్దిమంది పాలన ఉండేలా చూసుకుంది. అయితే యుద్ధం చేయాలా వద్దా అన్నదాని మీద మిత్రుల ఓటు తీసుకునేది. కోరింత్ లాంటి మిత్రుడు గట్టిగా అరిస్తే వినక తప్పేది కాదు.

"పర్షియా మీద గ్రీకులంతా ఏకమయ్యారు." వెయ్యికి పైగా గ్రీకు నగర రాజ్యాల్లో, విజయానికి గుర్తుగా, అపోలో గుడి ఉన్న డెల్ఫీలో నిలిపిన సర్ప స్తంభం మీద ఉన్నవి 31 పేర్లు. ఆ కంచు స్తంభం ఇప్పుడు ఇస్తాంబుల్‌లో ఉంది. థీబ్స్ అయితే పర్షియా పక్షాన పోరాడింది. పర్షియా సైన్యాన్ని అడ్డుకున్న థర్మోపిలే కనుమలో స్పార్టా వాళ్లు 300 మందే అన్నదీ ఇలాంటిదే. చివరిదాకా నిలిచినవాళ్లలో 700 మంది థెస్పియా వాళ్లున్నారు, వాళ్ల ఊసెత్తేవాళ్లు లేరు.

"డెల్ఫీ ఆంఫిక్టియనీ కూడా సైనిక కూటమే." కాదు, గుడి చుట్టూ ఏర్పడిన సంఘం. 12 తెగలు, తెగకు రెండేసి ఓట్లు. సభ్య నగరాన్ని నేలమట్టం చేయబోమని, పారే నీళ్లు ఆపబోమని ప్రమాణం ఉండేది. యుద్ధాలు జరిగాయి గానీ అవి గుడి పేరుతో. నేటి ఫెడరేషన్‌కు దగ్గరి పోలిక కావాలంటే క్రీ.పూ. మూడో శతాబ్దపు అకియన్ లీగ్ చదవండి. ఏటా ఎన్నికయ్యే సేనాని, ఒకే రకం తూనికలు కొలతలు, నాణేలు.

"ఫుట్‌బాల్ గ్రీకుల ఆటే, అక్కడి క్లబ్బుల పగ ఏథెన్స్-స్పార్టా పగే." ఇది ఫార్వర్డ్ మెసేజ్. ఎపిస్కైరోస్ అని గ్రీకులకు జట్లతో ఆడే బంతాట ఉండేది, కానీ దాని వర్ణనలో బంతి విసరడమే కనిపిస్తుంది. తొడ మీద బంతి నిలబెట్టిన యువకుడి శిల్పం ఏథెన్స్ మ్యూజియంలో ఉంది, ఆ ఒక్క ఫొటో పట్టుకుని ఇంత కథ. ఇప్పటి ఫుట్‌బాల్ నియమాలు 1863లో లండన్‌లో రాసినవి. ఇక క్లబ్బుల పగకొస్తే, పనాథినైకోస్ ఏథెన్స్‌ది, ఒలింపియాకోస్ పిరియస్ రేవుది. పెరిక్లీస్ కాలంలో ఆ రెంటినీ కలుపుతూ పొడవాటి గోడలుండేవి, రెండూ ఒకే రాజ్యం. స్పార్టాకు ఇందులో వాటా లేదు.

గ్రీకు ఫుట్‌బాల్‌లో నిజంగా చరిత్ర కావాలంటే 1922 చూడండి. ఆసియా మైనర్ నుంచి, కాన్‌స్టాంటినోపుల్ నుంచి తరలివచ్చిన శరణార్థులు పెట్టుకున్నవే ఏథెన్స్‌లో ఏఈకే (1924), థెస్సలొనీకీలో పావోక్ (1926). రెండు పొడి పేర్లలోనూ చివరి 'కే' (K) అక్షరం కాన్‌స్టాంటినోపుల్‌దే. 2004 యూరో ఫైనల్ మన టైము ప్రకారం అర్ధరాత్రి దాటాక మొదలైంది. హాస్టల్ టీవీ గదిలో అందరూ ఫిగో, రొనాల్డో అని పోర్చుగల్ పక్షం. ఈ చదువు పుణ్యాన నేనొక్కణ్ణే గ్రీస్ పక్షం. 57వ నిమిషంలో ఖరిస్టియాస్ తలతో కొట్టాడు, 1-0. అంతకుముందు ఏ పెద్ద టోర్నమెంటులోనూ ఒక్క మ్యాచ్ గెలవని జట్టు, ఒట్టో రెహాగెల్ అనే జర్మన్ కోచ్ కింద కప్పు ఎత్తింది. నేను అరిచిన అరుపుకు వార్డెన్ వచ్చి టీవీ కట్టేశాడు, కప్పు అందుకోవడం చూడలేదు.

చివరిగా, ఖజానా వాక్యాన్ని ఇంకా వదల్లేనివాళ్ల కోసం ఒకటి.

"క్రీ.పూ. 404లో స్పార్టా చేతిలో ఓడిపోయాక ఏథెన్స్ లీగుల కథ ముగిసింది." ముగియలేదు. 377లో, ఈసారి స్పార్టాకు వ్యతిరేకంగా, రెండో లీగ్ పెట్టింది. నమ్మి రమ్మంటే ఎవరొస్తారు? అందుకే హామీలన్నీ రాతి మీద చెక్కించి, అగోరాలో, అంటే ఊరి నడిబొడ్డు సంత మైదానంలో, జ్యూస్ దేవుడి విగ్రహం పక్కన నిలబెట్టింది. కప్పం వసూలు చేయం. మీ నగరంలో మా సైన్యం పెట్టం, మా అధికారిని పెట్టం. మీకు నచ్చిన పాలన మీరు పెట్టుకోండి. మీ నేల మీద మా పౌరులెవరూ భూములు, ఇళ్లు కొనరు. పాత లీగులో తమను ఏవేవి కాల్చాయో మిత్రులు మర్చిపోలేదని ఆ జాబితా చూస్తేనే తెలుస్తుంది. ఖజానా ఎక్కడ ఉండాలన్న మాట మాత్రం అందులో ఎక్కడా లేదు.