43 డిగ్రీల కన్నా 38 ఎందుకు కష్టం?

రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలై జూన్ 7 దాకా ఉంటుంది. ఆ తర్వాత మృగశిర, మన వాడుకలో మిరుగు. ఈ సంధి వారంలో నల్లగొండ శివారు కాలనీల్లో దాదాపు ఏటా ఒకటి గమనిస్తాను. మొన్నటిదాకా 43, 44 కొట్టిన ఎండ 38కి దిగుతుంది. ఫోన్‌లో అంకె చూసి హమ్మయ్య అనుకుంటాం. గంట తిరక్కముందే చొక్కా వీపుకు అతుక్కుంటుంది. కూలర్ ముందు కూర్చున్నా చెమట ఆరదు. పసిపిల్లలు రాత్రంతా ఏడుస్తూనే ఉంటారు. ఎండ ఐదు డిగ్రీలు తగ్గితే బాధ తగ్గాలి కదా, పెరగడమేమిటి?

జవాబు గాలిలోని నీటి ఆవిరిలో ఉంది. వేసవిలో మనం రోజూ చూసుకునే గరిష్ఠ ఉష్ణోగ్రత సగం సంగతే చెబుతుంది. మిగతా సగం పట్టించుకోకపోతే ప్రాణాల మీదికి వస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

వారం మొదట్లో ఎండ పొడిగా ఉంటుంది. నల్లగొండ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, పాలమూరు ఇంకాస్త దక్షిణాన. మే 9 ప్రాంతంలో సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పటి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు కొంచెం ఉత్తరానే ఉంటాడు. రోహిణిలో పన్నెండుంపావుకు ఆరుబయట నిలబడి చూడండి, మీ నీడ పొట్టిగా దక్షిణం వైపు పడుతుంది. ఏడాదంతా నీడలో ఉండే ఉత్తరపు గోడకు ఎండ తగిలే రోజులివి. పగలు 13 గంటలు. నేలలో తడి మిగల్లేదు. తడి ఉంటే ఎండలో కొంత దాన్ని ఆవిరి చేయడానికి ఖర్చయ్యేది. గ్రానైటు గుట్టలు, ఎర్రనేలలు, సీసీ రోడ్లు, సర్కారు తుమ్మ తప్ప ఏమీ లేని ఖాళీ ప్లాట్లు, వీటి మీద పడ్డ ఎండ అంతా నేలనూ దాని మీది గాలినీ కాచడానికే పోతుంది. రోహిణిలో రోళ్లు పగులుతాయన్న మాట ఇక్కడి రాళ్ల మధ్య పుట్టిందేమో అనిపిస్తుంది.

కార్తెల గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. కార్తె సూర్యుడు ఏ నక్షత్రం దగ్గర ఉన్నాడన్న లెక్క, రుతువులది భూమి అక్షపు వంపు లెక్క. ఈ రెండు లెక్కల్లో ఏడాది పొడవు సుమారు 20 నిమిషాలు తేడా. అంటే దాదాపు 70 ఏళ్లకు ఒక రోజు చొప్పున కార్తెలు రుతువుల కన్నా ఆలస్యమవుతూ పోతున్నాయి. ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడులు నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లులో గుడులు కట్టించిన కాలం సుమారు వెయ్యేళ్ల కిందటిది. అప్పుడు రోహిణి ఇప్పటి లెక్కలో మే 11 దగ్గర వచ్చేది, అంటే పానగల్లులో సూర్యుడు నడినెత్తిన ఉండే రోజుల్లోనే. ఇప్పుడు అది రుతుపవనాల అంచుకు జరిగింది. అందుకే నేటి రోహిణికి రెండు ముఖాలు: ముందు మాడ్చే ఎండ, ఆ వెనక ఉక్కపోత.

వాతావరణ శాఖ చెప్పే 43 డిగ్రీలు నీడలో కొలిచిన ఉష్ణోగ్రత. గాలి ఆడేలా పలకలు బిగించిన తెల్లటి చెక్కపెట్టె, నేలకు దాదాపు నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది. లైట్‌హౌసులు కట్టే ఇంజినీరు థామస్ స్టీవెన్సన్ 19వ శతాబ్దంలో దాన్ని రూపొందించాడు. పెట్టెలో మామూలు థర్మామీటరు పక్కనే, అడుగున తడి గుడ్డ చుట్టిన ఇంకో థర్మామీటరు ఉంటుంది. తడి ఆరుతుంటే వేడి పోతుంది కాబట్టి అది తక్కువ చూపిస్తుంది. దాన్నే తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. మన ఒంటికి సంబంధించినంత వరకు అసలు అంకె ఇదే. చెమట పట్టిన ఒళ్లు కూడా తడిదే కదా.

ఇప్పుడు లెక్క చూడండి. గాలిలో తేమ 20 శాతం ఉన్న 43 డిగ్రీల రోజున తడి బల్బు దాదాపు 25 చూపుతుంది. తేమ 50 శాతం ఉన్న 38 డిగ్రీల రోజున 29 చూపుతుంది. ఎండ ఐదు డిగ్రీలు దిగితే, చెమట మనల్ని చల్లబరచగల హద్దు నాలుగు డిగ్రీలు పైకి జరిగింది. మొదటి రోజున చెమట పట్టినట్టే తెలియదు, పట్టిందే ఆరిపోతుంది. రెండో రోజున చెమట కారిపోతుంది. కారిపోయిన చెమట ఒంట్లోని నీటినీ ఉప్పునూ పట్టుకుపోవడమే తప్ప వేడిని తీసుకుపోదు. ఒక లీటరు చెమట ఒంటి మీద ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడి పోతుంది. అది నేల మీద కారితే దాదాపు ఏమీ పోదు.

కూలర్ మొరాయించడం వెనకా ఇదే లెక్క. బయటి గాలికీ తడి బల్బుకూ ఉన్న తేడాలో మంచి ప్యాడ్లున్న కూలర్ 80 శాతం దాకా తగ్గించగలదు. పొడి రోజున తేడా 18 డిగ్రీలు, కాబట్టి 43 డిగ్రీల గాలిని 29 దగ్గరికి తెస్తుంది. ఉక్క రోజున తేడా తొమ్మిదే. 38ని 31కి తెచ్చి ఆగిపోతుంది, పైగా ఆ వచ్చే గాలి నిండా తేమే. చాలామంది చల్లదనం పోతుందని తలుపులు, కిటికీలు మూసేసి కూలర్ వేస్తారు. లోపలి తేమ గాలినే అది మళ్లీ మళ్లీ తిప్పుతుంటే గది ఆవిరి పొయ్యి కాక ఏమవుతుంది? కూలర్ కిటికీకి పెట్టి, ఎదుటి కిటికీ తీసి ఉంచాలి. బాగా ఉక్కగా ఉన్న రోజు పంపు ఆపి ఉత్త ఫ్యాను తిప్పినా కొంత నయం. రంజన్‌లో నీళ్లు ఆ రోజుల్లో సరిగ్గా చల్లబడకపోవడానికీ కారణం ఇదే, కుండలో లోపం ఏమీ లేదు.

ఈ తేమ ఎక్కడిది? మే చివరికి బంగాళాఖాతం వైపు నుంచి, అరేబియా సముద్రం వైపు నుంచి తడి గాలులు లోపలికి రావడం మొదలుపెడతాయి. బులెటిన్‌లో ‘ద్రోణి’, ‘ఉపరితల ఆవర్తనం’ అన్న మాటలు వినిపిస్తున్నాయంటే పొడి గాలులూ తడి గాలులూ మన మీద కలుస్తున్నట్టు. రుతుపవనాలు కేరళను తాకడానికి మామూలు తేదీ జూన్ 1. 2025లో అవి మే 24నే తాకాయి. అలాంటి ఏడాది రోహిణి మొదట్లోనే ఉక్క మొదలవుతుంది.

రాత్రుల సంగతి ఇంకా ఘోరం. అయిదంగుళాల స్లాబు మీద మధ్యాహ్నం పడ్డ వేడి లోపలి సీలింగు దాకా దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. అందుకే సాయంత్రం అయ్యాకే పైకప్పు నుంచి సెగ కొడుతుంది, ఫ్యాను ఆ సెగనే కిందికి తోస్తుంది. ఆకాశం పొడిగా ఉన్న రాత్రి నేల, డాబా తమ వేడిని పైకి వదిలి తెల్లవారేసరికి చల్లబడతాయి. గాలిలో ఆవిరి నిండితే ఆ వేడిని అదే పీల్చుకుని మళ్లీ కిందికి పంపుతుంది. పగలు 40 దాటి, రాత్రి కనిష్ఠం మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువగా ఉంటే వాతావరణ శాఖ దాన్ని ‘వెచ్చని రాత్రి’గా ప్రకటిస్తుంది. పగలు ఎండలో పనిచేసిన ఒళ్లు కోలుకునేది రాత్రే. వరసగా అలాంటి రాత్రులు వస్తే గుండె మీద భారం పెరుగుతూ పోతుంది. డాబాకు తెల్లసున్నం వేయిస్తే లోపల రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా. శివార్లలో కొత్తగా లేచే ఇళ్ల మీద మాత్రం ఇంకా నల్లటి నీళ్ల ట్యాంకులు, బూడిదరంగు స్లాబులే కనిపిస్తున్నాయి. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే సున్నం ఖర్చు ఎంతో కాదు.

కాలనీ దాటి కొంచెం ముందుకు పోతే, యాసంగి వడ్లు ఇంకా మిగిలిన కొనుగోలు కేంద్రాల్లో ఇదే ఆవిరి రైతును ఇంకో రకంగా ఏడిపిస్తుంది. కాంటా వేయాలంటే వడ్లలో తేమ 17 శాతానికి మించకూడదు. పొడి ఎండలో పరిచిన వడ్లు త్వరగా ఆరతాయి. ఉక్క మొదలయ్యాక గాలే తడిగా ఉంటుంది కాబట్టి ఎండ కాసినా తేమ శాతం తొందరగా దిగదు. రాత్రి పట్టాలు కప్పితే లోపల ఆవిరి పడుతుంది. పొద్దున తేమ మిషన్ పెట్టి చూస్తే నిన్నటి అంకే. రైతు తప్పేమీ లేకుండా లారీ వచ్చేదాకా రోజులు గడిచిపోతాయి, ఈలోపు గాలివాన రానే వస్తుంది.

ఆ గాలివానను నడిపేదీ ఆవిరే. మధ్యాహ్నం కాగిన గాలి పైకి లేస్తుంది. పైకి పోయేకొద్దీ చల్లబడి అందులోని ఆవిరి చుక్కలవుతుంది. ఆవిరయ్యేటప్పుడు నీరు ఎంత వేడి తీసుకుందో, మళ్లీ నీరయ్యేటప్పుడు అంతా వదిలేస్తుంది. ఆ వేడి గాలిని ఇంకా పైకి నెడుతుంది, మబ్బు 12, 14 కిలోమీటర్ల ఎత్తుకు లేస్తుంది. ఎక్కడో సముద్రం మీద నీటిని ఆవిరి చేసిన ఎండ, వందల కిలోమీటర్లు ప్రయాణించి నల్లగొండ మీద ఇలా బయటపడుతుంది. నాకు ఈ వారం మొత్తంలో అన్నిటికన్నా అద్భుతంగా అనిపించేది ఇదే.

ఇక వాన మొదలైతే ఆకాశమే పెద్ద కూలర్ అవుతుంది. మబ్బు కింద పొడిగాలిలో పడే చినుకుల్లో చాలా భాగం దారిలోనే ఆవిరైపోతాయి. ఆ గాలి చల్లబడి, బరువెక్కి, దబ్బున కిందికి దిగి నాలుగు దిక్కులా పరుచుకుంటుంది. చినుకు పడకముందే దుమ్ము లేపుకుంటూ వచ్చే గాలిదుమారం అదే. రేకులు లేస్తాయి, వెంచర్ల ఫ్లెక్సీలు చిరుగుతాయి, కొల్లాపూర్ తోటల్లో చివరి మామిడికాయలు రాలుతాయి, కరెంటు పోతుంది. అరగంటలో ఉష్ణోగ్రత 25, 26కి దిగుతుంది. పొడి రోజు మధ్యాహ్నం తడి బల్బు చూపిన అంకె కూడా 25 దగ్గరే. చినుకులు ఆవిరవుతూ గాలిని చల్లబరిస్తే అది దిగేది ఆ దరిదాపుల్లోకే.

మెరుపు చూశాక ఉరుము వినిపించేదాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం. 30 లోపు వినిపిస్తే చెట్ల కింద, పొలంలో ఉండొద్దు, పక్కా ఇంట్లోకి పోవాలి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ చేసిన దామిని యాప్ దగ్గర్లో పడుతున్న పిడుగులను చూపిస్తుంది. మేకలు కాసేవాళ్ల ఫోన్‌లో అది ఉండాలని నా కోరిక.

వాన పడ్డ మర్నాడు ఎండ మళ్లీ వస్తుంది, ఈసారి తడిసిన నేలను ఆవిరి చేస్తూ. చాలాసార్లు వారం మొత్తంలో ఒంటికి అన్నిటికంటే కష్టమైన రోజు అదే. థర్మామీటరు 37 చూపుతుంటుంది కాబట్టి ఎవరూ భయపడరు. కాలనీలో స్లాబు పోసే పని ఆ రోజు ఆగదు. తట్ట మోస్తున్న ఆడమనిషి ఒంట్లో కూర్చున్నవాళ్ల ఒంట్లో కన్నా మూడు నాలుగింతలు వేడి పుడుతుంది, ఆ వేడి బయటికి పోయే దారి మాత్రం ఇరుకైపోయింది. తడి బల్బు 35 దాటితే నీడలో కదలకుండా కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకు మించి బతకడం కష్టమని 2010లో షెర్వుడ్, హ్యూబర్ అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. 2022లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో యువకుల మీద చేసిన పరీక్షల్లో, తేమగా ఉన్నప్పుడు 30, 31 దగ్గరే ఒంటి వేడి అదుపు తప్పడం మొదలైంది. మన ఉక్క రోజుల 29 దానికి ఎంత దగ్గరో చూడండి. 2015 మే చివర్లో వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి 2,000 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది కూలి పనివాళ్లు, ముసలివాళ్లు.

అందుకని ఈ వారంలో ఫోన్‌లో ఉష్ణోగ్రత చూసినప్పుడల్లా దాని కింద తేమ శాతం కూడా చూడమని ఇంట్లో, పనిలో అందరికీ చెబుతాను. 38 పక్కన 50 కనిపిస్తే మేస్త్రీ పనిని పొద్దున పది లోపు ముగించి, మిగతాది సాయంత్రానికి మార్చాలి. ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి, ఓఆర్ఎస్ గంటగంటకూ ఇవ్వాలి. మనిషి తడబడుతూ పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా అది వడదెబ్బే అనుకుని 108కి ఫోన్ చేయాలి. చెమట పడుతోంది కదా అని ఊరుకోవద్దు, పని చేస్తూ పడిపోయినవాళ్లకు చెమట పడుతూనే ఉండొచ్చు. అంబులెన్స్ వచ్చేలోపు నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోసి గట్టిగా విసరాలి. పొడి రోజున తడిబట్ట, విసనకర్ర బాగా పనిచేస్తాయి. ఉక్క రోజున ఆవిరి మీదే ఆధారపడితే కాలం మించిపోతుంది. చల్లటి నీళ్లు ఆపకుండా పోస్తూ ఉండాలి, పక్క కిరాణా కొట్లో ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడ పక్కన, చంకల్లో, గజ్జల్లో పెట్టాలి.