రాత్రి పందెంలో నీడ ఎక్కడుంది?

హనుమకొండ

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి తాతయ్య దీవెనలు.

మొన్న టీవీలో కార్ల పందెం చూస్తూ, పగలంతా వదిలిపెట్టి వీళ్లు రాత్రిపూట ఎందుకు పరుగెత్తుతున్నారని అడిగారు. అప్పుడు సగమే చెప్పగలిగాను, మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

ఫార్ములా వన్ అనే ఆ కార్ల పందేల్లో మొట్టమొదటి రాత్రి పందెం 2008 సెప్టెంబర్ 28న సింగపూర్‌లోని మెరీనా బే వీధుల్లో జరిగింది, ఫెర్నాండో అలోన్సో గెలిచాడు. అక్కడ రాత్రి ఎనిమిదైతే మనకు సాయంత్రం ఐదున్నర, జర్మనీ, ఇటలీలలో మధ్యాహ్నం రెండు. ఐరోపా ప్రేక్షకులు తీరిగ్గా భోంచేసి టీవీ ముందు కూర్చునే వేళ కోసమే ఈ ఏర్పాటంతా. జట్ల వాళ్లు కూడా సింగపూర్‌లో ఉంటూనే ఐరోపా గడియారం ప్రకారం తెల్లవారాక పడుకుని, మధ్యాహ్నం లేచి టిఫిన్ చేస్తారు.

కరెంటు పని చేసి రిటైరైనవాణ్ని కనుక నా చూపు కార్ల కన్నా ముందు దీపాల మీదికే పోయింది. పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మకు మొదటిసారి ఫ్లడ్‌లైట్లు కట్టినప్పుడు అన్నిటినీ ఒకే పక్కన పెట్టాను. ఆడవాళ్లు చుట్టూ తిరుగుతుంటే వాళ్ల నీడలే బతుకమ్మల మీద పడి తంగేడు పూల పసుపు కనిపించకుండా పోయింది. మీ నానమ్మ ఇప్పటికీ ఆ మాట ఎత్తి పొడుస్తుంది. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి అలాంటి నీడ గుంతలా కనిపిస్తే ఏమవుతుందో ఊహించండి. అందుకే సింగపూర్‌లో సుమారు 1,500 దీపాలను, రోడ్డు మీద నీడ పడకుండా, వాన పడినా తడి రోడ్డు మీది మెరుపు డ్రైవరు కళ్లలో కొట్టకుండా కోణం చూసి బిగిస్తారు. జనరేటర్లను జంటలుగా పెడతారు, ఒకటి మొరాయిస్తే రెండోది అందుకుంటుంది.

ఊరి రోడ్డుకు ఇంకో చిక్కు ఉంది. ఈ కార్ల అడుగుభాగం గాలి ఒత్తిడిని తగ్గించి కారును నేలకు అదిమి పెడుతుంది. ఆ పీల్పుకు రోడ్డు మీది ఇనుప మూతలు కూడా లేచి వస్తాయి. 2023లో అమెరికాలోని లాస్ వెగాస్ వీధుల్లో పందేనికి ముందు మొదటి ప్రాక్టీసు పది నిమిషాలైనా సాగకముందే, ఊడిన నీటి వాల్వు మూత ఒకటి డ్రైవరు కార్లోస్ సైన్జ్ నడుపుతున్న ఫెరారీ కారును అడుగు నుంచి చీల్చేసింది. అందుకే పందేనికి ముందు మూతలన్నీ గట్టిగా బిగించాలి.

అదే ఏడాది ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ పక్కన కరెంటు కార్లు పరుగెత్తాయి గానీ అది పగటి పందెం. మన దేశంలో వీధుల్లో రాత్రి పందెం 2024లో చెన్నైలో జరిగింది.

సింగపూర్ పందెం తరచుగా బతుకమ్మ రోజులకు అటూ ఇటూగానే వస్తుంది. ఈసారి కార్లను కాసేపు వదిలి, మలుపుల దగ్గర రోడ్డు మీద ఒక్క నల్లని నీడైనా దొరుకుతుందేమో వెతికి నాకు రాయండి.

మీ తాతయ్య