గుండె మచ్చ ఎంఆర్‌ఐలో కనిపిస్తుంది, మరి వైద్యం మార్చాలా?

గుండెపోటు వచ్చి కోలుకున్న మనిషికి ఎకో తీస్తే, గోడలో ఒక భాగం కదలడం లేదని తెలుస్తుంది. అక్కడి కండరం చచ్చిపోయిందా, రక్తం చాలక మొద్దుబారి పడి ఉందా అన్నది మామూలు ఎకో తేల్చలేదు. చచ్చిపోయి ఉంటే అక్కడ మచ్చ మిగులుతుంది, బైపాస్ చేసినా ఆ గోడ లేవదు. గుండె ఎంఆర్‌ఐలో మచ్చను వెతకడం ఊపందుకున్నది ఈ ప్రశ్నతోనే.

జవాబు షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ బృందం నుంచి వచ్చింది. 1999లో కుక్కల గుండెలపైన, 2000లో 50 మంది రోగులపైన చేసిన అధ్యయనాలవి. ఎంఆర్‌ఐ బొమ్మలో తేడా తెలిసేందుకు రక్తనాళంలోకి ఎక్కించే గాడోలినియం మందు బతికున్న కణంలోకి దూరలేదు, కణాల మధ్య సందుల్లోనే తిరుగుతుంది. మచ్చలో కణాలు పోయి కొల్లాజెన్ పేరుకోవడంతో ఆ సందు పెరుగుతుంది. అక్కడ మందు ఎక్కువ చేరి, ఆలస్యంగా బయటికి పోతుంది. అందుకే మచ్చ తెల్లగా మెరుస్తుంది. ఆ 50 మందిలో, బైపాస్‌కో యాంజియోప్లాస్టీకో ముందు సరిగా కదలకపోయినా తెలుపు అసలు లేని గోడ భాగాల్లో 78 శాతం తర్వాత మెరుగుపడ్డాయి. గోడ మందంలో 75 శాతానికి మించి తెలుపు ఉన్న 58 భాగాల్లో మెరుగుపడింది ఒక్కటే.

2001లో ఇన్వర్షన్ రికవరీ పద్ధతి (ముందు సంకేతాన్ని తలకిందులు చేసి, అది తేరుకునేటప్పుడు బొమ్మ తీయడం) రావడంతో మచ్చ, మంచి కండరం మధ్య తేడా ఎన్నో రెట్లు స్పష్టమైంది. కిలో బరువుకు 0.1 నుంచి 0.2 మిల్లీమోల్ మందు ఎక్కించి, 10–15 నిమిషాలు ఆగి, మంచి కండరం నల్లగా పడే క్షణంలో బొమ్మ తీయాలి. సంకేతాన్ని తలకిందులు చేసినప్పటి నుంచి ఆ క్షణం దాకా పట్టే సమయాన్నే టీఐ అంటారు. 1.5 టెస్లా (అయస్కాంత బలం కొలత) యంత్రంలో అది తరచూ 250–350 మిల్లీసెకన్ల మధ్య ఉంటుంది. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. టీఐ మరీ తక్కువైతే మంచి కండరమే తెల్లబడి, మచ్చ నల్లగా కనిపించి, బొమ్మ తలకిందులవుతుంది. మరీ ఎక్కువైతే కండరం బూడిదరంగుకు తిరిగి మచ్చ కలిసిపోతుంది. పైగా మందు రక్తంలోంచి పోతున్నకొద్దీ సరైన టీఐ పెరుగుతూ ఉంటుంది, పరీక్ష మధ్యలో దాన్ని పెంచుకుంటూ పోవాలి. 2002లో వచ్చిన పీఎస్‌ఐఆర్ పద్ధతి, సంకేతం తలకిందులుగా ఉందో లేదో కూడా లెక్కలోకి తీసుకుని, ఈ గొడవను చాలావరకు తగ్గించింది. గుండె లయ తప్పిన రోగిలోనూ, ఊపిరి బిగబట్టలేని వారిలోనూ బొమ్మ చెదురుతుంది. అప్పుడు కొంత స్పష్టత వదులుకుని సింగిల్ షాట్‌లో, అంటే ఒక్క గుండె చప్పుడులోనే మొత్తం బొమ్మను తీస్తారు. ఒంట్లో ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చే పరికరం) ఉంటే, దాని దగ్గర మచ్చ లేకపోయినా ఉన్నట్టు తెల్లగా కనిపించవచ్చు. దాన్ని తప్పించడానికి, లోహం వల్ల చెదిరే సంకేతాన్ని తట్టుకునే వైడ్‌బ్యాండ్ పద్ధతి కావాలి.

2006లో ఇంకో దెబ్బ తగిలింది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిలో కొన్ని గాడోలినియం మందులు చర్మం, లోపలి అవయవాలు గట్టిపడే జబ్బుకు దారితీస్తున్నాయని తేలింది. మందుకు ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడటం అప్పటినుంచే పట్టింపయింది.

మచ్చ ఉన్న చోటు కూడా చాలా చెబుతుంది. లోపలి పొర నుంచి మొదలైతే రక్తనాళాల జబ్బు. గోడ మధ్యలో గీతలా ఉంటే తరచూ డైలేటెడ్ కార్డియోమయోపతి, అంటే గుండె సాగి బలహీనపడే జబ్బు. లండన్ రాయల్ బ్రాంప్టన్ బృందం 2013లో ఈ జబ్బున్న 472 మందిపై ఇచ్చిన లెక్క ప్రకారం, గీత ఉన్నవారిలో 29.6 శాతానికి, లేనివారిలో 7 శాతానికి ఆకస్మిక మరణమో, దాన్ని తృటిలో తప్పించుకోవడమో జరిగింది.

మరి దాన్నిబట్టి వైద్యం మార్చవచ్చా? ఇక్కడ ఫలితాలు అంత తేటగా లేవు. 2022లో యూరప్ మార్గదర్శకాలు ఐసీడీ నిర్ణయంలో మచ్చను ఒక అంశంగా చేర్చాయి, అది న్యాయమే. కానీ అదే ఏడాది డీకాఫ్-2 పరీక్షలో, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులైన కర్ణికల లయ తప్పడం) ఉన్న 843 మందిలో, మామూలు చికిత్సతో పాటు కర్ణికల మచ్చను చూసి అక్కడి కండరాన్ని క్యాథెటర్‌తో అదనంగా కాల్చడం వల్ల లాభం రాలేదు, పక్షవాతాలు మాత్రం ఆ వర్గంలోనే వచ్చాయి. బ్రిటన్‌లో రక్తనాళాల జబ్బుతో గుండె బలహీనపడ్డ 700 మందిపై జరిగిన రివైవ్డ్ పరీక్షలో స్టెంట్లు మరణాలను, గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడాన్ని తగ్గించలేదు. అదే పరీక్షపై 2023లో చేసిన విశ్లేషణలో, బతికున్న కండరం ఎంత మిగిలిందన్నది స్టెంట్ల ఫలితాన్ని చెప్పలేకపోయింది. రోగి ముందుగతిని చెప్పింది మచ్చ పరిమాణమే. మా దృష్టిలో ఈ రంగానికి ఎదురైన అసలైన ఇబ్బంది ఇదే: మచ్చ జోస్యం బాగా చెబుతుంది, దారి చూపడంలో తడబడుతుంది.

కొలతలోనూ చిక్కుంది. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతిలో (గుండె గోడ అసాధారణంగా మందమయ్యే జబ్బు) ఎడమ జఠరిక (గుండె కింది ఎడమ గది) బరువులో 15 శాతం మచ్చ అన్న హద్దును, ఆకస్మిక మరణ ముప్పు అంచనాకు, 2014 నుంచి వాడుతున్నారు. ఒకే బొమ్మలో ఒక పద్ధతికీ ఇంకో పద్ధతికీ మచ్చ దాదాపు రెట్టింపు తేడా రావచ్చు. అందుకని రిపోర్టులో శాతం కనిపిస్తే, పక్కన కొలిచిన పద్ధతి రాశారా లేదా చూడాలి. అది లేకపోతే ఆ అంకెను 15తో పోల్చలేం.