గోలలో మాట ఎందుకు అందదు: అపోహలు - వాస్తవాలు

ఆడియాలజిస్టుగా, అంటే వినికిడి సమస్యలు చూసే నిపుణులుగా, నేను తరచూ వినే మాటలివి. వీటివల్ల ఇళ్లలో చాలామంది పెద్దవాళ్లు అనవసరంగా నింద మోస్తున్నారు.

అపోహ: "నాన్నగారికి చెవుడేం లేదండీ, తనకి కావాల్సినవైతే బాగానే వినిపిస్తాయి."

వాస్తవం: ఎదురుగా కూర్చుని ఒక్కరే మాట్లాడితే పెదాలు కనిపిస్తాయి, విషయం సగం తెలిసే ఉంటుంది, అందుకని నెట్టుకొస్తారు. అదే మనిషిని పెళ్లి భోజనాల దగ్గర చూడండి. ఒకపక్క మేళం, ఇంకోపక్క మైకు. పక్క కుర్చీలోంచి బావమరిది "ఎప్పుడొచ్చారు బావగారూ?" అంటే ఆయన నవ్వి తలూపుతారు. వయసుతో ముందు తగ్గేది సన్నటి శబ్దాల వినికిడి. స, శ, ఫ, త లాంటివి జారిపోతాయి. గొంతు వినిపిస్తుంది, మాట తెలియదు. దయచేసి దాన్ని మొండితనం అనకండి.

అపోహ: కావాల్సిన గొంతుని ఏరుకునేది చెవే.

వాస్తవం: చెవిలోకి అన్ని శబ్దాలూ కలగలిసే వెళ్తాయి. విడదీసేది మెదడు. కుడివైపు నుంచి వచ్చే మాట కుడి చెవికి ముందు చేరుతుంది, ఎడమ చెవికి కాస్త వెనక. ఆ తేడా ఎంత ఎక్కువైనా సుమారు 0.7 మిల్లీసెకన్లే! పైగా తల అడ్డొచ్చి ఎడమ చెవికి శబ్దం కొంచెం తగ్గుతుంది. ఈ రెండు తేడాలతో మెదడు దిక్కు పసిగట్టి, అటు నుంచి వచ్చే గొంతు మీద ధ్యాస పెడుతుంది.

1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త కోలిన్ చెర్రీ కొంతమందికి ఒక్కో చెవిలో ఒక్కో ప్రసంగం వినిపించి, ఒకదాన్ని వెంటవెంటనే పలకమన్నాడు. రెండో చెవిలో మగ గొంతు ఆడ గొంతుగా మారితే పసిగట్టారు. ఇంగ్లిష్ ఆపి జర్మన్ మొదలుపెట్టినా గమనించలేదు! శబ్దం చెవిని చేరింది, ధ్యాస మాత్రం అటు లేదు.

అపోహ: ఒక చెవి బాగుంటే చాలు.

వాస్తవం: నిశ్శబ్దంగా ఉన్న గదిలో చాలావరకు సరిపోతుంది. గోలలో సరిపోదు, ఎందుకంటే రెండు చెవుల మధ్య తేడానే అందదు. డబ్బు మిగులుతుందని రెండు చెవులకీ అవసరమైన చోట ఒక్క వినికిడి మిషనే కొంటే నాకు బాధగా ఉంటుంది.

అపోహ: టెస్టు రిపోర్టు నార్మల్ వచ్చిందంటే సమస్య లేనట్టే.

వాస్తవం: మామూలు టెస్టు శబ్దం చొరబడని గదిలో, ఒక్కో 'బీప్' వినిపించి చేస్తారు. గోలలో మాట అర్థమవుతోందా లేదా అన్నది అందులో తేలదు. దానికి వేరే టెస్టు ఉంది, అడిగి చేయించుకోండి. ఈలోపు ఇంట్లో టీవీ కట్టేసి, మొహం కనిపించేలా కూర్చుని మాట్లాడండి. ఫంక్షన్‌కి వెళ్తే ఇంట్లో పెద్దాయన్ని స్పీకర్లకి దూరంగా, బాగా వినిపించే చెవి మీ వైపు ఉండేలా కూర్చోబెట్టండి.