చింతగింజంత మనిషి

హనుమకొండ,
ఆదివారం రాత్రి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న మీరు ఐదుగురూ మా వరండాలో, నేను చేస్తున్న చెక్క ఓడ బొమ్మ పక్కన ఆడుకుంటుండగా టక్కుమని చిన్న చప్పుడు వినిపించింది. మరుక్షణమే అందరికీ ఒకేసారి దాహం వేసి వంటింట్లోకి పరుగెత్తారు. ఎవరి చెయ్యి తగిలిందో నేను అడగను. తెగింది ఒక్క తాడే. వెళ్లేటప్పుడు మీలో అందరికంటే చిన్నది గుమ్మం దగ్గర ఆగి, "తాతా, ముందు తాడు తెగితే కర్ర వెనక్కి ఎందుకు వాలింది?" అని అడిగింది. ఆ ఓడను చూసిన పెద్దవాళ్లంతా ఇంతవరకు నన్ను అడిగింది ఒకటే ప్రశ్న, ఎంత పెట్టి కొన్నారని. అందుకే పెద్దవాళ్లకు కాకుండా మీకు ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా మీలో ఇంకొకరి సందేహం. సముద్రం లేని ఊళ్లో ఓడలెందుకు అని కదా? ఖిలా వరంగల్‌లో కీర్తి తోరణాల కింద నిలబడి ఫొటోలు దిగుతారే, ఆ కోట నుంచి రాజ్యమేలిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. తుఫానుకు పగిలిన ఓడ ఒడ్డుకు కొట్టుకువస్తే, అందులోని సరుకంతా అంతకు ముందు రాజులు లాగేసుకునేవారు. సముద్రం దయతలచి వదిలినది కూడా రాజు చేతిలో పోయేదన్నమాట. తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టుకోనని, ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చిన వర్తకులకు గణపతిదేవుడు అభయమిచ్చాడు. ఓడల గురించి ఆలోచించడానికి ఇంటి ముందు అలలు ఉండాల్సిన పనిలేదు.

ఇక మన ఓడ. అది ఒక నిజం ఓడకు నమూనా. ఆ నిజం ఓడ పేరు ట్రింకోమలీ. బ్రిటిష్ నౌకాదళానిదే గానీ పుట్టింది ముంబయిలో, వాడియా కుటుంబం వాళ్లు ఓడలు కట్టిన కార్ఖానాలో, మలబారు టేకుతో. 1817లో నీళ్లలోకి దిగింది. దాన్ని కట్టడానికి ఇంగ్లండు నుంచి పంపిన మొదటి నమూనా పటాలు దారిలోనే పోయాయి. వాటిని తెస్తున్న జావా అనే ఓడను 1812లో అమెరికా వాళ్ల ఓడ యుద్ధంలో ఓడించింది. మళ్లీ పటాలు పంపాల్సి వచ్చింది. ఆ టేకు ఓడ ఈనాటికీ ఇంగ్లండులోని హార్ట్లిపూల్ రేవులో నీళ్ల మీద తేలుతూనే ఉంది. రెండు వందల ఏళ్లు దాటిన మన టేకు!

అలాంటప్పుడు నేను టేకుతో ఎందుకు చేయలేదు? ఇక్కడే మీకు ఒక మనిషిని పరిచయం చేయాలి. అసలు ఓడలో ఒక అడుగు మన ఓడలో అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే తొంభై ఆరో వంతు. నూటయాభై అడుగుల ఓడ పందొమ్మిది అంగుళాలలోపే వచ్చేసింది. ఐదున్నర అడుగుల నావికుడు పదిహేడున్నర మిల్లీమీటర్లయ్యాడు, దాదాపు చింతగింజంత. అట్టముక్కతో అలాంటి మనిషిని ఒకడిని కత్తిరించి, పని చేసేటప్పుడల్లా పక్కన నిలబెట్టుకుంటాను. ఏ ముక్క అమర్చినా వాడినే అడుగుతాను. ఈ మెట్టు నువ్వు ఎక్కగలవా? ఈ పిట్టగోడ నీ ఛాతీ దాకా వస్తుందా, నెత్తి దాటిందా? ఈ తాడు నీ పిడికిట్లో పడుతుందా? టేకు చెక్కలోని చారలు వాడి పక్కన పెడితే కాలువల్లా కనిపిస్తాయి. అందుకే ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర తెప్పించాను. చారలు సన్నగా, చెక్క నున్నగా ఉంటుంది. ఓడ ముక్కు దగ్గర లోపల నింపిన దిమ్మలు మాత్రం నిర్మల్ బొమ్మలు చెక్కే పొణికి చెక్క. మైనంలా తెగుతుంది, బరువుండదు.

పొట్ట కట్టడం చాలా ఓపికతో చేయాల్సిన పని. అడుగున వెన్నెముకలాంటి దూలం, దాని మీద చేప ముల్లులా వరసగా అడ్డపలకలు, వాటి మీద మిల్లీమీటరు మందం చెక్క పట్టీలు. ఒక పట్టీ పక్కన ఇంకొకటి అంటించుకుంటూ పోవడమేగా అనుకున్నాను మొదటిసారి. కాజీపేట లోకోషెడ్డులో ముప్పై ఏళ్లు ఫిట్టరు పని చేసినవాడిని, చెక్క నన్నేం చేస్తుందిలే అన్న పొగరు కూడా ఉంది. ఒకవైపు మొత్తం అంటించి తెల్లారి చూస్తే ఓడ అరటిపండులా వంగి ఉంది. జిగురు ఆరేటప్పుడు పట్టీలన్నీ తమవైపు లాగాయి. కుడివైపు ఒకటి అంటిస్తే వెంటనే ఎడమవైపు ఒకటి అంటించాలి.

రెండో సంగతి గుమ్మడికాయ నేర్పింది. దాని చారలు చూడండి, నడుము దగ్గర వెడల్పుగా ఉండి రెండు కొసలకూ సన్నబడతాయి. ఓడ కూడా నడుము దగ్గర లావు, ముక్కు దగ్గర సన్నం, పట్టీల సంఖ్య మాత్రం అంతటా ఒకటే. కాబట్టి ప్రతి పట్టీనీ కొసల్లో చిత్రిక పట్టి సన్నం చేయాలి. ఆ ఓపిక లేనివాడి ఓడ ముక్కు దగ్గర పట్టీలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. వేడినీళ్లలో అరగంట నానబెట్టి, గుండ్రటి గొట్టానికి చుట్టి కట్టి ఆరబెడితే పట్టీ వంపు తిరుగుతుంది. తొందరపడితే విరుగుతుంది. అంటించాక పట్టుకోవడానికి బట్టల క్లిప్పులే. ఇంట్లో క్లిప్పులన్నీ ఓడకే పోయాయని మీ అమ్మమ్మ రెండు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు.

మన ఊరి ఎండ సంగతి కూడా చెప్పాలి. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. రోళ్లే పగిలేటప్పుడు మిల్లీమీటరు చెక్క ఎంత? వానాకాలంలో బిగుతుగా కూర్చున్న పట్టీల మధ్య మే నెలలో సందులు పడ్డాయి. అప్పటి నుంచి చెక్క కొన్నాక ఒక ఎండాకాలం అటక మీద ఉంచి, ఆ తరువాతే కోస్తున్నాను.

పైన పరిచిన చెక్కల మధ్య సన్నటి నల్లగీత చూశారు కదా. అది రంగు కాదు, పెన్సిలు. అసలు ఓడలో చెక్కల సందుల్లో పాత తాళ్ల పీచు కూరి పైన తారు పోసేవారు. అదే ఆ గీత. ప్రతి చెక్క అంచుకూ పెన్సిలు రుద్ది అంటిస్తే సరిపోతుంది. చాలామంది ఇక్కడ ఓడ పొడవునా ఒకటే పట్టీ వేసేస్తారు. అసలు చెక్క ఇరవై, ఇరవై నాలుగు అడుగులుంటుంది, కాబట్టి మనకు మూడంగుళాల ముక్కలే రావాలి. అడుగుభాగంలో మెరిసేది రాగి టేపు. సముద్రంలో చెక్కను తొలిచే పురుగు ఉంటుంది, మన చెద లాంటిది. దాన్ని ఆపడానికి ఓడ అడుగుకు రాగిరేకులు తొడిగేవారు.

ఇప్పుడు చిన్నదాని ప్రశ్న. ఓడ మీద రెండు రకాల తాళ్లుంటాయి. నల్లవి కదలవు, అవి స్తంభాలను నిలబెట్టేవి. ఎండకూ వానకూ పాడవకుండా తారు పూస్తారు, అందుకే నలుపు. లేత రంగువి కప్పీల మీదుగా కదిలేవి, తెరచాపలను ఎత్తి దించి తిప్పేవి. రంగు చూస్తే పని తెలుస్తుంది. మొన్న తెగింది నల్లది, ముందు స్తంభాన్ని ముందుకు పట్టి ఉంచేది. వెనక్కి లాగే తాళ్లు వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి, ముందుకు లాగేది లేదు. ఇంకెటు వాలుతుంది?

పక్కల నుంచి స్తంభాన్ని పట్టుకునే తాళ్ల కింద మూడు కళ్ల గుండ్రటి బిళ్లలు జంటలుగా ఉన్నాయి. రెండు బిళ్లల మధ్య సన్నతాడు ఆ కళ్లలోంచి దూరుతూ పైకీ కిందికీ తిరుగుతుంది. నులక మంచం వదులైతే కాళ్లవైపు తాడు లాగి బిగిస్తాం కదా, ఇది అచ్చం అదే. జనపనార తాడు తడిస్తే బిగుస్తుంది, ఆరితే సాగుతుంది, అందుకని నావికులు మాటిమాటికీ ఇక్కడే బిగించుకునేవారు.

ఈ తాళ్ల దగ్గర నేను చేసిన తప్పు విని నవ్వుకోండి. పుస్తకంలో తొమ్మిదంగుళాల తాడు అని ఉంది. తొంభై ఆరుతో భాగించి రెండున్నర మిల్లీమీటర్ల దారం తెచ్చి రెండు వారాలు కట్టాను. కట్టాక దూరం నుంచి చూస్తే అవి ఓడతాళ్లలా లేవు, బావి చేంతాళ్లలా ఉన్నాయి. అట్టమనిషిని పక్కన నిలబెడితే ఆ తాడు వాడి తొడంత ఉంది! నావికులు తాడు లావును చుట్టుకొలతతో చెప్పేవారని అప్పుడు తెలిసింది. తొమ్మిదంగుళాల చుట్టుకొలత అంటే అడ్డంగా మూడంగుళాలకు కొంచెం తక్కువ. మనకు కావలసింది మిల్లీమీటరు కూడా లేని దారం. అన్నీ కోసేశాను. ఫిట్టరు లెక్క తప్పలేదు, అడగాల్సినవాడిని ఆలస్యంగా అడిగాడు, అంతే.

నీళ్లలో తేలుతుందా అని అడిగారు. తేలుతుంది, ఫ్యాను వేస్తే పడిపోతుంది. ఇంతకు ముందు చేసిన ఓడను పెరటి తొట్టిలో వదిలి చూశాను, చిన్న గాలికే పక్కకు ఒరిగి పడుకుంది. ఓడను సగానికి తగ్గించామనుకోండి. తెరచాప పొడవు సగం, వెడల్పు సగం, అంటే గుడ్డ నాలుగో వంతు. ఓడకు పొడవు, వెడల్పు, లోతు మూడూ సగమయ్యాయి, కాబట్టి బరువు ఎనిమిదో వంతు. ఒరగనీయకుండా నిలబెట్టేది ఆ బరువే. గాలి మాత్రం సగం కాలేదు. అందుకే నీళ్లలో నడిపే బొమ్మ ఓడలకు కింద అదనంగా సీసం తగిలిస్తారు. పెద్ద ఓడలకూ ఈ గండం తప్పలేదు. స్వీడన్ రాజు కట్టించిన వాసా 1628లో స్టాక్‌హోమ్ రేవు నుంచి బయలుదేరి పదమూడు వందల మీటర్లు కూడా పోకుండానే మునిగింది. పైన బరువు ఎక్కువ, కింద తక్కువ. ఒరిగినప్పుడు తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల్లోంచి నీళ్లు దూరాయి.

వచ్చే ఆదివారం రండి. తెగిన తాడు మీరే కట్టాలి, దారానికి తేనెమైనం రుద్ది ఉంచుతాను, నూగు లేవదు. అది అయ్యాక నడిమి స్తంభానికి తాడు మెట్లు మిగిలి ఉన్నాయి. నాలుగు మిల్లీమీటర్లకు ఒక మెట్టు, మెట్టు నిలువుతాడును తాకిన ప్రతిచోటా ఒక ముడి. నా కళ్లజోడుకు అవి ఇప్పుడు సరిగా ఆనడం లేదు. ముడి ఎక్కడ వేయాలో తెలియకపోతే అట్టమనిషిని నిచ్చెన పక్కన పెట్టి చూడండి, వాడి కాలు అందాలి. గోళ్లు కత్తిరించుకుని రండి, దారం పట్టుకుంటుంది. ఇంట్లో అడిగి నాలుగేసి బట్టల క్లిప్పులు కూడా తెచ్చుకోండి. మా ఇంట్లోవి ఇప్పుడు లెక్కపెట్టి ఇస్తున్నారు.

మీ తాతయ్య